నాలుగొందల పన్నెండు బొటనవేళ్లు

వాసనపెట్టె మూడేళ్లపాటు పనిచెయ్యలేదు. పనిచెయ్యకపోవడంలో మాత్రం ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

దానికి కాగితాల మీద వేరే పేరుంది. ఆ పేరు మొత్తం పలికేసరికి ప్రొఫెసర్ సుందరాచారి గారికి మధ్యలో ఒకసారి మంచినీళ్లు కావాల్సొచ్చేది. అందుకని అటెండర్ దగ్గర్నుంచి వైస్ చాన్సలర్ దాకా అందరూ వాసనపెట్టె అనే అనేవాళ్లు. ఐడియా చిన్నదే. భయంలో పట్టే చెమట వేరు, కోపంలో పట్టే చెమట వేరు, ఏడుపు ఆపుకునేటప్పుడు పట్టేది వేరు. పాత కాగితం మీద ఎవరిదో వేలిముద్ర ఉంటే, అందులో ఆ చెమట రవ్వంత మిగిలుంటే, దాన్ని గీకి, పెట్టెలో వేడిచేసి, ఆ ఆవిరి పీలిస్తే చాలు. ముద్ర వేసినప్పుడు ఆ మనిషికి ఏమనిపించిందో, పీల్చినవాళ్లకి పది నిమిషాలపాటు అదే అనిపించాలి. పెట్టె తనంతట తను ఏమీ చెప్పదు. మనిషే పీల్చి, పడి, లేచి చెప్పాలి.

చిక్కల్లా సిరాతోనే. సిరా ముద్రల్లో చెమట ఏనాడో ఎగిరిపోయి ఉండేది. సుందరాచారి గారు మూడేళ్లలో పన్నెండొందల ముద్రలు పీల్చి ఒకే ఒక్క ఫలితం సాధించారు. అది జలుబు.

చివరికి పెట్టెని పనిచేయించింది బ్యూలా చేసిన ఒక వెధవపని.

బ్యూలా ఆయన దగ్గర రీసెర్చ్ చేస్తున్న పిల్ల. ఇరవయ్యేడేళ్లు. మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా అబద్ధం చెప్పడంలో రాష్ట్రంలోనే మొదటి ర్యాంకు. పరిపాలనా కారణాల వల్ల చంద్రగ్రహణాన్ని గురువారానికి వాయిదా వేశామని ఒకసారి హాస్టల్లో నోటీసు అంటిస్తే, పదకొండు మంది భోజనాల టైము మార్చుకున్నారు. ఒకాయనైతే వాయిదా వేసే ముందు తన అభిప్రాయం అడగలేదని రిజిస్ట్రారుకి ఉత్తరం రాశాడు. అలాంటి పిల్ల ఒకరోజు స్టాఫు హాజరు వేసే వేలిముద్రల మిషను అద్దానికి పొగాకు జిగురు పూసింది. పద్నాలుగు మంది లెక్చరర్లు అతుక్కుపోయారు. జువాలజీ ఆయన్ని ఊడదియ్యడానికి కొబ్బరినూనె, ఫిజిక్సు డిపార్టుమెంటు రెండూ కావాల్సొచ్చాయి.

ఆ అద్దం నువ్వే గీకి శుభ్రం చెయ్యమని బ్యూలాకి శిక్ష వేశారు. గీకింది. గీకిన జిగురు పారేసే ముందు, చూద్దాం పోయేదేముందిలే అనుకుని, పెట్టెలో వేసి పీల్చింది. పీల్చగానే ఇంటికెళ్లిపోవాలనిపించింది. రెండోది పీల్చింది. ఇంటికెళ్లిపోవాలనే అనిపించింది. పద్నాలుగు పీల్చింది. పద్నాలుగింటిలోనూ అదే.

పొగాకు జిగురు ఆరిందంటే అద్దంలా బిగుసుకుపోతుంది. దాని లోపల చిక్కిన చెమట ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు. ఒక్కటే లోపం. ఒక ముద్రలో ఒకరు పీల్చడానికి సరిపడా మాత్రమే ఉంటుంది. ఒకసారి పీల్చారా, ఇంక ఆ ముద్ర లేదు. సుందరాచారి గారు ఆనందం పట్టలేక ల్యాబంతా నాలుగుసార్లు తిరిగి, సిరాతో కాకుండా పొగాకు జిగురుతో వేసిన పాత వేలిముద్రలు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటాయా అని పైకే అడిగారు.

ఎక్కడున్నాయో బ్యూలాకి తెలుసు. ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. తలొంచుకుని బీకర్లు కడుక్కుంది.

సముద్రం పక్కన ఈపూరుపేట అని ఊరుంది. ఒకప్పుడు అక్కడ పొగాకు కంపెనీ గోదాముల్లో నాలుగొందల పన్నెండు మంది ఆడవాళ్లు ఆకు గ్రేడింగు చేసేవాళ్లు. బంగారు రంగు ఆకు ఒక కట్ట, నిమ్మపండు రంగు ఒక కట్ట, మచ్చలున్నది ఒక కట్ట. పొద్దున ఎక్కితే చీకటి పడేదాకా ఆకు తుమ్ము, ఆకు దగ్గు. వేళ్లకి నల్లటి జిగురు పట్టి, పెళ్లికైనా చావుకైనా ఆ చేతుల్తోనే వెళ్లేవాళ్లు. లోపల తాగడానికి నీళ్లుండవు. చంటిపిల్లల్ని గేటు బయట ఎండలో పడుకోబెట్టాలి. పందొమ్మిది వందల అరవై రెండులో వీటి కోసం సమ్మె చేశారు. నలభై ఏడు రోజులు చేశారు. ముందు నిలబడి చేయించింది రాహేలమ్మ. అక్షరం ముక్క రాదు, గొంతు మాత్రం గోదాం ఈ కొస నించి ఆ కొస దాకా వినపడేది. నలభై ఏడో రోజున కంపెనీ ఒక కాగితం పెట్టింది. మేం అడిగినవన్నీ వదులుకుంటున్నాం, ఇక జన్మలో సమ్మె చెయ్యం అని అందులో ఉంది. రాహేలమ్మ మాట్లాడకుండా వెళ్లి మొదటి ముద్ర వేసింది. వెనకాల నాలుగొందల పదకొండు మందీ వేశారు.

మూడు రోజుల్లో ఊళ్లో కథ తయారైంది. మేనేజరు దొర రాహేలమ్మకి రెండు బంగారు గాజులు ఇచ్చాడని. ఆ గాజులు ఎవరూ చూళ్లేదు. చూడని గాజులు కాబట్టి ఏటికేడూ బరువు పెరిగి, బ్యూలా పుట్టేనాటికి అవి వడ్డాణం అయ్యాయి. ముద్రలు వేసిన నాలుగు నెలలకి సంఘం ప్రెసిడెంటు భుజంగరావు గారు కోర్టులో ఏదో లొసుగు పట్టుకుని ఆ కాగితం చెల్లదనిపించి, కూలిపెంపూ, నీళ్ల పంపూ, ఉయ్యాలల పాకా అన్నీ సాధించారు. ఆయనకి సెంటర్లో విగ్రహం పెట్టారు. రాహేలమ్మకి కూడా ఒకటి దక్కింది. పేకాటలో ఎవడైనా పక్కవాణ్ణి ముంచితే ఈపూరుపేటలో ఇప్పటికీ "రాహేలు ముద్ర వేశాడ్రా" అంటారు.

రాహేలమ్మ కూతురు సలోమి. సలోమి కూతురి కూతురే బ్యూలా. తల్లీతండ్రీ లేని బ్యూలాని పెంచింది ఆవిడే.

సలోమమ్మకి ఇప్పుడు డెబ్బై ఒకటి. సమ్మెప్పుడు ఎనిమిదేళ్లు. బళ్లో పిల్లలు గాజులేవీ, గాజులేవీ అని వెంటపడుతుంటే పదేళ్లకే మిషను హాస్టల్లో చేరిపోయింది. మళ్లీ తల్లితో సరిగా మాట్లాడింది లేదు. తనకి ఇరవై ఒకటో ఏట తల్లి పోతే, సమాధి దగ్గర నిలబడి, నీళ్లు లేని కళ్లతో ఆకాశం చూసి వచ్చేసింది. గుంటూరులో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. అమ్మ ఏం చేసేదని ఎవరన్నా అడిగితే బట్టలు కుట్టేదని చెప్పేది. అరవయ్యేళ్లుగా కుట్టించీ కుట్టించీ, ఆ లెక్కన రాహేలమ్మ ఈపాటికి జిల్లాకంతా జాకెట్లు కుట్టుండాలి.

బ్యూలా నోరు మూసుకున్నా కాగితం ఊరుకోలేదు. తనే నడిచొచ్చింది. భుజంగరావు గారి మనవడు ఉదయభాస్కర్ తాతగారి శతజయంతికి పుస్తకం వేస్తూ, వాసనపెట్టె సంగతి పేపర్లో చదివి, తాత సంతకం పీల్చి ఆయన ఎంత ధైర్యంగా ఉన్నారో చెప్పమని ఒక ఇనప్పెట్టెతో సహా ల్యాబులో దిగాడు. తాత సంతకం కోర్టు నించి కాగితాలు వెనక్కి తీసుకున్న రసీదు మీద, ఫౌంటెన్ పెన్నుతో చేసింది. అందులో ఏమీ లేదు. కానీ ఆ రసీదు కింద, కంపెనీ ఒప్పందం కాగితం మీద, వరసగా ఆరు పేజీల నిండా, నల్లగా, మెరుస్తూ నాలుగొందల పన్నెండు బొటనవేళ్లు ఉన్నాయి. సుందరాచారి గారు వాటిని చూసి కాసేపు కూర్చోవాల్సొచ్చింది.

సాయంత్రం బ్యూలా అమ్మమ్మకి చెప్పేసింది. సలోమమ్మ చేపలు కడుగుతోంది. కడుగుతున్న చెయ్యి ఆగలేదు. మొదటి ముద్ర అమ్మదేనా అని అడిగింది. అవునంది బ్యూలా. ఒక్కసారే పీల్చగలం, ఆ తర్వాత ఉండదు అని కూడా చెప్పింది.

"ఇప్పటిదాకా అనుమానమే గదే," అంది సలోమమ్మ. "అనుమానంతో ఎట్టాగో నెట్టుకొచ్చాం. రేపు నిజమేనని తేలిందనుకో. ఇంకేం పెట్టుకుని బతకాలి?"

బ్యూలా పక్కన కూర్చుని, మిగిలిన చేపలు అందుకుని పొలుసు గీకింది.

ముందు మిగతావాళ్లవి పీల్చారు. ముప్పై ఏడో నంబరు ముద్రతో సుందరాచారి గారు మొదలుపెట్టారు. ఆవిరి లోపలికెళ్లగానే ఆయన పొట్ట పట్టుకున్నారు. ఆకలి. టిఫిను తిని గంట కాలేదు, అయినా నెలన్నర తిండి లేని ఆకలి. కళ్లు తిరిగి టేబులు పట్టుకున్నారు. పట్టుకున్న మనిషి మెల్లిగా వణకడం మొదలుపెట్టారు. భయమేమో అనుకుంది బ్యూలా. కాదు. ఆయన నవ్వు ఆపుకుంటున్నారు. సర్వీసులో ముప్పై ఏళ్లుగా నవ్వని మనిషి, క్లాసులో వెనక బెంచీ పిల్లాడిలా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ.

పద్నాలుగు ముద్రలు పీల్చారు. పద్నాలుగింటిలోనూ అంతే. అడుగున ఆకలి, పైన నవ్వు. అందులో తొమ్మిది బ్యూలాయే పీల్చింది. పది నిమిషాలకి నవ్వు పోయేది గానీ ఆకలి పోయేది కాదు. క్యాంటీన్లో ఇరవై రెండు ఇడ్లీలు తిని, ఇంకో ప్లేటు పట్టుకుని నిలబడి ఏడ్చింది. మూడో రోజున సుందరాచారి గారు ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసి, బియ్యం ఉన్నాయో లేదో చూసి, మళ్లీ మూత పెట్టి, మళ్లీ తీసి చూశారట. ఆయన భార్య ఫోన్ చేసి మా ఆయనకి ఏం చేశారని అడిగింది.

ఉదయభాస్కర్ దీనికి ఒక అర్థం చెప్పాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే తొందరెక్కువ. నలభై ఏడు రోజులు పస్తులుండి, ఓడిపోయే కాగితం మీద ముద్ర వేస్తూ ఎవరన్నా నవ్వుతారా, అంటే ఒక్క రాహేలమ్మకే కాదు, అందరికీ ఎంతో కొంత ముట్టిందన్నమాట అన్నాడు. అన్నవాడు అక్కడితో ఊరుకోకుండా ఊళ్లో కూడా చెప్పాడు. వారం తిరక్కుండా ఈపూరుపేట రెండుగా చీలింది. తర్వాత ఎనిమిదిగా చీలింది. ఎదురెదురిళ్లవాళ్లు మీ నాయనమ్మకెంత ముట్టింది అంటే మీ జేజమ్మకెంత ముట్టింది అని నిలదీసుకున్నారు. ఒక పెళ్లి ఆగింది. రెండు చర్చిల వాళ్లు వేరువేరుగా ప్రార్థన చేసుకున్నారు, ఉన్నది ఒకటే చర్చి అయినా.

ఆ ఊరి నుంచి సలోమమ్మకి ఒక ఫోనొచ్చింది. చిన్నప్పుడు పక్కింట్లో ఉన్న మనిషి. ఆవిడ తల్లి కూడా ఆ కాగితంలో ఉంది. ఇన్నేళ్లూ మీ ఒక్కరి మీదే పడిందమ్మా ఆ నింద, ఇప్పుడు మాకు తెలుస్తోంది ఎట్టా ఉంటుందో అని ఏడ్చింది. సలోమమ్మ ఫోను పెట్టేసి, బీరువాలోంచి ఇస్త్రీ చీర తీసింది. చర్చిలో బైబిలు చదివేటప్పుడు కట్టుకునే చీర.

ల్యాబులో ఉదయభాస్కర్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. రాహేలమ్మ ముద్ర ఒకటీ ప్రొఫెసర్ గారు పీల్చేస్తే పుస్తకం ప్రెస్సుకి పంపించెయ్యొచ్చని చూస్తున్నాడు. సలోమమ్మ లోపలికొచ్చి, ఆ ముద్ర నేను పీలుస్తానంది. సుందరాచారి గారు ఎవరమ్మా మీరు అన్నారు. బ్యూలా చెప్పబోయింది. సలోమమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను రాహేలమ్మ కూతుర్ని," అంది. "బట్టలు కుట్టే రాహేలమ్మ కాదు. గోదాం రాహేలమ్మ."

ఆ మాట అనడానికి ఆవిడకి అరవై మూడేళ్లు పట్టింది. అన్నాక కుర్చీ కోసం చూసుకుంది. ఉదయభాస్కర్ లేచి తన కుర్చీ ఇచ్చాడు.

సుందరాచారి గారు మర్యాదగానే అభ్యంతరం చెప్పారు. వయసు పెద్దది, గుండె తట్టుకోవాలి, శాస్త్రం ప్రకారం అలవాటున్నవాళ్లు పీలిస్తేనే నమ్మకం. బ్యూలా మొదటిసారి గురువుగారికి ఎదురుచెప్పింది. సార్, మనం ముప్పై ఏళ్లు పీల్చినా అది మనకి ఎవరిదో భయం, ఎవరిదో నవ్వు. ఆవిడ చిన్నప్పుడు ఆ మనిషి పక్కలో పడుకుంది. ఏది ఏమిటో ఆవిడకే తెలుస్తుంది. సుందరాచారి గారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అద్దాలు బాగానే ఉన్నాయి.

బ్యూలాయే గీకింది. చిన్న బ్లేడుతో, ఊపిరి బిగబట్టి, ఆ ముద్ర మొత్తం. గీకేముందు దానికి నాలుగు వైపుల నించీ ఫొటోలు తీసింది. కాగితం మీద గోరంత తెల్లమచ్చ మిగిలింది.

పెట్టె వేడెక్కింది. సలోమమ్మ గొట్టం దగ్గర మొహం పెట్టి పీల్చింది.

ముందు భయం వచ్చింది. బ్యూలా అంత భయం ఏ మనిషి మొహంలోనూ చూళ్లేదు. పెదాలు పాలిపోయాయి. ఉదయభాస్కర్ మెల్లిగా, అంటే తప్పు చేశానన్న భయమే గదండీ అన్నాడు. అన్నాడే గానీ గెలిచినట్టు లేదు అతని గొంతు. సలోమమ్మ వినలేదు. ఆవిడ తలెత్తి చుట్టూ చూస్తోంది, తనకి వెనకాల చాలామంది ఉన్నట్టు, వాళ్లందరి బరువూ తనే మోస్తున్నట్టు. పిల్లల్ని లెక్కపెట్టే టీచరులా పెదాలు కదిలాయి.

ఆ తర్వాత భయం కిందనించి ఇంకోటి పైకొచ్చింది. భుజం ఒకటి ఎగిరింది. మళ్లీ ఎగిరింది. సలోమమ్మ తనకి తెలియకుండానే కుడిచేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికింది. కొరుకుతూ, నవ్వు బయటికి రాకుండా కళ్లు మూసుకుని, నిలదొక్కుకోడానికి ఎడమచేతి బొటనవేలు టేబుల్ మీద అదిమింది.

"అమ్మ," అంది నోట్లో వేలుతోటే. "నవ్వొస్తే ఇట్టాగే కొరికేది. చర్చిలో, పాస్టరు గారి ముందర. కుడివేలి మీద ఎప్పుడూ పంటిగాటు ఉండేది."

బ్యూలా ఆ ఎడమ బొటనవేలి వైపు చూసింది. చూస్తూనే ఉంది.

"సార్," అంది. "ఆడవాళ్లు ఏ వేలు వెయ్యాలి?"

కుడి బొటనవేలే అన్నారు సుందరాచారి గారు. కాగితాల మీద మగవాళ్లది ఎడమ, ఆడవాళ్లది కుడి. తరతరాలుగా అదే పద్ధతి. పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

ఉదయభాస్కర్ తెచ్చిన ఇనప్పెట్టెలో కోర్టుకి చూపించిన మస్టరు పుస్తకం ఉంది. ఆ గోదాంలో ప్రతి శనివారం గేటు దగ్గర, వాళ్ల వాడ మేస్త్రీయే పట్టుకుని, సిరాతో హాజరు ముద్రలు వేయించేవాడు. బ్యూలా ఒకపక్క మస్టరు, ఇంకోపక్క ఒప్పందం కాగితం పెట్టి భూతద్దం పట్టుకుంది. బొటనవేలి గీతలు కుడిచేతికి ఎక్కువమందికి ఒకపక్కకి వాల్తాయి, ఎడమచేతికి రెండో పక్కకి. మస్టరులో అన్నీ అటు. ఒప్పందంలో అన్నీ ఇటు. గాలి మారితే వరిచేను తిరిగినట్టు, ఆరు పేజీలూ. ఒక్క పేరుకి ఒక్క ముద్ర కలిస్తే ఒట్టు.

రాహేలమ్మ ముద్ర ఫొటోలో చూశారు. అదీ ఎడమే.

ల్యాబులో అందరూ ఒకేసారి మాట్లాడారు. తాత కోర్టులో పట్టుకున్న లొసుగు ఇదేనన్నాడు ఉదయభాస్కర్. ఈ ముద్రలు మా కార్మికులవి కావు, కంపెనీయే ఎవరి చేతో వేయించింది అని వాదించాడట, జడ్జి మస్టరుతో పోల్చి చూసి ఒప్పందాన్ని కొట్టేశాడట. అంతవరకే ఇంట్లో తెలుసు. కోర్టు ఫైలు ఎప్పుడో చెదలు చదివేశాయి. మన ఆఫీసుల్లో పాత ఫైళ్లు పూర్తిగా చదివేది అవే.

మరి కంపెనీ గుమాస్తా చూడలేదా అన్నారు సుందరాచారి గారు. నాలుగొందల పన్నెండు మంది వచ్చి తప్పు వేలు వేస్తుంటే, కళ్లెదురుగా కూర్చున్న మనిషికి ఆ మాత్రం తెలియదా.

సలోమమ్మ అప్పటికి నోట్లోంచి వేలు తీసింది. పది నిమిషాల్లో ఇంకా కొంచెం మిగిలుంది. ఆ మిగిలినదాంట్లోనే, ఎనిమిదేళ్లప్పుడు తను చూసింది గుర్తొచ్చి చెప్పింది. ఆరోజు అమ్మ తన చెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. గుమాస్తా అరుగు మీద, గోడవైపు తిరిగి, ముక్కుకి రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల చేతులు ముట్టుకుంటే మైల. ముద్ర వేయించేవాడు వేలు పట్టుకుని వేయించాలి, అది రూలు. ఆయన పట్టుకోలేదు. తన సిరా డబ్బా వాళ్లు తాకితే మళ్లీ కడుక్కోవాలని, సిరా కూడా ఇవ్వలేదు. మీ చేతులకున్న మకిలి చాలదూ, దాంతోనే వెయ్యండి అన్నాడు. కాగితం ఒక బెత్తంతో ముందుకి తోసేవాడు, వేశాక బెత్తంతోనే వెనక్కి లాక్కునేవాడు. ఒక్కసారి కూడా తిరిగి చూళ్లేదు.

ఒప్పందం ఆఖరి పేజీలో అదే గుమాస్తా సంతకం ఉంది. పైన గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: ప్రతి స్త్రీ వేలూ నేనే స్వయంగా పట్టుకొని, ముద్ర వేయించితిని.

ఆ ఒక్క వాక్యంతోనే కంపెనీ మునిగింది. నేను చూళ్లేదు, ముట్టుకోలేదు అని గుమాస్తా కోర్టులో ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. నేనే పట్టుకున్నా అంటే ముద్రలు దొంగవవుతాయి. ఆయన ఉద్యోగం కాపాడుకున్నాడు.

రాహేలమ్మ ఆ మనిషిని ఏళ్ల తరబడి చూసింది. ఏం చేస్తాడో, ఏం చెయ్యడో ఆవిడకి వాళ్లింట్లోవాళ్ల కన్నా బాగా తెలుసు. నలభై ఏడు రోజుల పస్తులకి పిల్లలు పడిపోతున్నారు, ఇంక గోదాంలోకి వెళ్లి నాలుగు ముద్దలు తినాలి. ఓడిపోకుండా లోపలికెళ్లే దారి అదొక్కటే. గుమాస్తా ఒక్కసారి తల తిప్పితే మాత్రం నాలుగొందల పన్నెండు మందీ జైలుకే. అందుకే ముందు తను వేసింది. అంత భయం అందుకే. గోడవైపు తిరిగిన ఆ వీపు ఎదుటే ఎడమవేలు అదిమిన క్షణాన, అంత నవ్వూ అందుకే.

ఇంకో సంగతి సలోమమ్మకి ఇప్పుడు అర్థమైంది. ప్రతి క్రిస్మస్‌కీ గోదాం ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మాట్లాడకుండా వాళ్ల గుమ్మంలో గిన్నె పెట్టిపోయేవాళ్లు. అరిసెలు, ఎండుచేపలు, ఒక దోసెడు బియ్యం. జాలిపడి పెడుతున్నారనుకుని తను ఆ గిన్నెలు తన్నేది. అమ్మ ఏమీ అనకుండా కింద పడినవి ఏరుకునేది. కంపెనీ ఉన్నంతకాలం ఆ మాట బయటికి రాకూడదు. వస్తే సాధించినవన్నీ పోతాయి, జైలూ తప్పదు. కంపెనీ మూతపడేసరికి చెప్పేవాళ్లు మిగల్లేదు. ఇద్దరు మగాళ్లు ఒక రహస్యాన్ని టీ చల్లారేదాకా దాచలేని ఊళ్లో, నాలుగొందల పన్నెండు మంది ఆడవాళ్లు దాన్ని చచ్చేదాకా దాచారు.

"మా తాతకి తెలుసంటారా?" అని అడిగాడు ఉదయభాస్కర్.

"తెలిసినా చెప్పకూడదు బాబూ. చెప్తే వీళ్లంతా జైల్లో ఉండేవాళ్లు," అంది సలోమమ్మ. తర్వాత, "పోయేముందైనా ఎవరి చెవిలోనన్నా వెయ్యాల్సింది. ఆయనా, మా అమ్మా," అంది.

అంటుండగానే ఆవిడ మొహం మారింది. గొట్టం వైపు తిరిగి గట్టిగా ఊపిరి లాగింది. ఏమీ రాలేదు. ఇంకోసారి లాగింది. బ్యూలా వెళ్లి భుజం పట్టుకుంది.

"పోయిందే," అంది సలోమమ్మ. "అమ్మ పోయింది."

యాభై ఏళ్ల కిందట సమాధి దగ్గర రాని నీళ్లు అప్పుడొచ్చాయి. సుందరాచారి గారు బయటికెళ్లి వరండాలో నిలబడ్డారు. ఉదయభాస్కర్ కాగితం మీది తెల్లమచ్చని చూస్తూ కూర్చున్నాడు. బ్యూలాకి ఆ ముద్ర పీల్చాలని ఎంత ఉండిందో ఎవరికీ తెలియదు. తను దాని సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మమ్మ ఏడుపు అయ్యేదాకా వీపు నిమురుతూ కూర్చుంది. అయ్యాక క్యాంటీనుకి తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించింది. ఇద్దరూ కలిసి క్యాంటీన్ మూయించారు.

పుస్తకం ఆలస్యంగా వచ్చింది. మొదటి ఆరు పేజీల్లో భుజంగరావు గారి ఫొటో లేదు. నాలుగొందల పన్నెండు పేర్లున్నాయి, ఇంటిపేర్లతో సహా. ఆగిన పెళ్లి జరిగింది. మిగిలిన ముద్రలన్నీ పీల్చి పూర్తిచెయ్యాలని సుందరాచారి గారు ఒక పెద్ద పథకం రాశారు. సలోమమ్మ ఊరెళ్లి ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి మనిషి ముద్ర వాళ్లిష్టం, పీలిస్తే పోతుంది, పీల్చకపోతే ఉంటుంది అని చెప్పింది. పందొమ్మిది ఇళ్లవాళ్లు పీలుస్తామన్నారు. తతిమ్మావాళ్లు ఉండనివ్వమన్నారు. సుందరాచారి గారు ఆ పథకాన్ని మడిచి సొరుగులో పెట్టి, ఆ పందొమ్మిది ఇళ్లవాళ్లకీ ముందుగా ల్యాబులో అన్నం పెట్టాలని ఒక కొత్త రూలు రాశారు.

ఇల్లిల్లూ తిరగడంలోనే సలోమమ్మ ఆ షెడ్డు చూసింది. కంపెనీ పోయింది గానీ పొగాకు పోలేదు. ఊరి చివర రేకుల షెడ్డులో ఇప్పటికీ అరవై మంది ఆడవాళ్లు ఆకు గ్రేడింగు చేస్తున్నారు. కాంట్రాక్టరు మారాడు, నీళ్ల పంపు మళ్లీ గేటు బయటికి పోయింది. ఉయ్యాలల పాకలో ఇప్పుడు కాంట్రాక్టరు కారు పడుకుంటోంది.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే అక్కణ్ణించి సలోమమ్మకి ఫోనొచ్చింది. కొత్త సీజనుకి కాంట్రాక్టరు ఏదో కాగితం తెచ్చాడు, సంతకాలు వచ్చినవాళ్లు సంతకాలు, రానివాళ్లు వేలిముద్రలు వెయ్యాలంట, నువ్వొచ్చి నిలబడమ్మా అని. బ్యూలా ల్యాబుకి సెలవు పెట్టింది. అమ్మమ్మ వస్తోందని కాంట్రాక్టరుకి చెప్పొద్దని వాళ్లని అడిగింది, అప్పుడు అతని మొహం చూడాలని.

షెడ్డు ముందు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. కాంట్రాక్టరు టేబులేసుకుని, త్వరగా కానివ్వండమ్మా, ఆకు ఎండిపోతోంది అంటున్నాడు. సలోమమ్మని చూడగానే వరసలో ముందున్న అమ్మాయి పక్కకి జరిగి, నవ్వుతూ అడిగింది.

"ఏ వేలు వెయ్యమంటావు మామ్మా?"

అందరూ నవ్వారు. ఏం జోకో తెలియక కాంట్రాక్టరు కూడా నవ్వాడు. సలోమమ్మ నవ్వలేదు. టేబుల్ మీది కాగితాల కట్ట తీసుకుంది. ఇరవై రెండు పేజీలు. ఆయన కుర్చీ చూపిస్తే కూర్చుంది. కళ్లద్దాలు పెట్టుకుంది.

"వేలు సంగతి తర్వాత," అంది. "ముందు ఇందులో ఏముందో విందాం."

చదివి వినిపించే పని లేదండీ, మామూలు కాగితమే అని కాంట్రాక్టరు అనబోయాడు. సలోమమ్మ అప్పటికే గొంతు సవరించుకుంది. ఆదివారాలు చర్చిలో మైకు లేకుండా చదివే గొంతు అది. షెడ్డు ఈ కొస నించి ఆ కొస దాకా వినపడింది. లోపల ఆకు కట్టేవాళ్లు కూడా చేతులాపి బయటికొచ్చారు. మొదటి పేరా చదివి, ఆగి, అర్థమైందా అని అడిగింది. వెనక వరసలోంచి ఒకామె అర్థం కాలేదంది.

సలోమమ్మ మళ్లీ మొదటి నించి మొదలుపెట్టింది.